గురువారం వేలూరు బస్సు

బాగాయం, వేలూరు
2 జనవరి 2025

దినకరా,

నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని భయపడకు. అందరం బాగున్నాం. ఫోను ఉండగా ఉత్తరమెందుకని అడుగుతావు. నీకు ఫోను చేస్తే అంగట్లో స్పీకరులో పెడతావు, లుంగీ బేరానికి వచ్చినవాళ్ళు కూడా నాకు సమాధానం చెబుతారు. మెసేజి పెడితే నీ కూతురు కార్తీక చదివాకే నీకు చేరుతుంది. మన ఇళ్ళల్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా చదివేది తమిళం. తెలుగు అక్షరాలు మీ ఇంట్లో నీకొక్కడికే వచ్చు, మా ఇంట్లో నాకొక్కదానికే. తాత మనిద్దరినీ పలక ముందు కూర్చోబెట్టినప్పుడు "ఇది మనకు యాడ పనికొస్తాది తాతా" అని ఏడ్చాను. నలభై ఏళ్ళకు పనికొచ్చింది. మీ ఆవిడ శశికళ ఈ కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఒకటే.

ఇక విషయం. ఆయుధపూజ నాడు నువ్వు లుంగీ మూటల మధ్య పడి నిద్రపోయిందీ, నిన్ను నలుగురు మోసుకొచ్చి బజారు మధ్యలో దించిందీ, కార్తీక హారతి పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నదీ మళ్ళీ తవ్వను. ఆ రోజు నుంచి ఆ పిల్ల అంగడి గడప తొక్కలేదు. శశికళ అంగడి తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకుంది. నిన్న ఫోనులో ఏమందో విను: "వొదినా, రెండు వారాల కిందట ఆస్పత్రిలో పడి లేచినాడు, ఇప్పుడు ముట్టుకోలేదంటాడు. ఉగాది దాకా చూస్తా. అందాకా నిలిస్తే గుత్తి ఆయప్పదే. నిలవలేదంటే నేనూ కార్తీకా మా అమ్మోళ్ళింటికి పోతాం, మళ్ళీ రాం." ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. నీకు తెలుసు.

అందుకని నేనొకటి కనుక్కున్నాను. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక చిన్నపిల్లల బడి ఉంది. అక్కడ ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. సూది ఉండదు, ఉపన్యాసం ఉండదు. చందా కట్టమని అడగరు. వచ్చే గురువారం రా. ఎవరు చెప్పారని మాత్రం అడగకు, తెలిసినవాళ్ళే చెప్పారు.

బావ నిన్ను అడిగినట్టు రాయమన్నారు. ఎప్పటిలాగే మజ్జిగ గ్లాసుతో వసారాలో ఉన్నారు.

పుష్పక్క


గుడియాత్తం
7 జనవరి 2025

అక్కకు,

ఉత్తరం అందింది. శశికళ తీసి, తిప్పి, వాసన చూసి, "మీ అక్క మంత్రం రాసి పంపిందా?" అని నా చేతికిచ్చింది. తాత పుణ్యం.

ముట్టుకుని ఇరవై మూడు రోజులైంది. మాత్రలు వేసుకుంటున్నాను. చేతుల వణుకు తగ్గింది, లుంగీ మడత ఇప్పుడు అంచుకు అంచు కలుస్తోంది. ఇలాగే ఇంట్లో కూర్చుని మానేస్తాను గదా, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు నా బతుకు విప్పి చూపించడమెందుకు?

ఇంకొక చిక్కు. గురువారమే ఎందుకు పెట్టారు? ఆ ఎదురంగడి కన్నప్ప గురువారం గురువారం నాలుగు గంటల వేలూరు బస్సు ఎక్కుతాడు. పదకొండేళ్ళ కిందట సరిగ్గా నా ఎదురుగా అంగడి తెరిచి, నా బోర్డుకున్న ఆకుపచ్చ రంగే వాడి బోర్డుకూ వేయించిన మనిషి. తాగుడులో నాకంటే పెద్ద చెయ్యి. ఈ మధ్య రెండేళ్ళుగా నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కాతో వేలూరు పోతున్నాడంటే నా బేరగాళ్ళను తిప్పుకోవడానికి కాక మరెందుకు? వాడి మొహం చూస్తూ ఒకటిన్నర గంట ప్రయాణం చెయ్యాలా?

ఇంత రాశాక నిజం కూడా రాస్తున్నాను. నిన్న కార్తీక బడి నుంచి వస్తూ, అంగడి ముందుకు రాగానే వీధి దాటి కన్నప్ప అంగడి వైపు నడిచింది. నన్ను చూడకుండా ఉండడానికి. అక్కా, నాకు ఏడుపొచ్చింది. అందుకే వస్తాను. మూడు గంటల బస్సుకే వస్తాను.

ఇంతకీ ఎవరు చెప్పారు నీకు? బావ అయితే కాదు. పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినా పక్కకు జరిగే మనిషికి ఈ లోకం ఏం తెలుసు!

దినకర్


గుడియాత్తం
11 జనవరి 2025

అక్కకు,

పోయొచ్చాను. నీ తమ్ముడు ఎంత ఘనకార్యం చేశాడో విను.

వ్యాపారస్థుడు కొత్త చోటికి వట్టి చేతులతో పోకూడదని డజను లుంగీలు సంచిలో పెట్టుకున్నాను. ఒక శాలువా కూడా. ఏ సంఘానికైనా అధ్యక్షుడు ఉంటాడు గదా, కప్పడానికి. లోపలికి పోతే ఎల్.కె.జి. పిల్లల గది. గోడ మీద ఏనుగు, ఎలుగుబంటి బొమ్మలు. పొట్టలున్న పన్నెండు మంది మగవాళ్ళు ఎరుపు, పసుపు చిట్టి కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడెవరని, "తలైవర్ యారు?" అని అడిగాను. ఎవరూ లేరన్నారు. కార్యదర్శి? లేడు. శాలువా మళ్ళీ సంచిలోకే పోయింది.

నా వంతు వచ్చింది. లేచి నిలబడి, మన అలవాటు కొద్దీ, "దినకర్, మూడో తరం లుంగీ వ్యాపారం, గుడియాత్తం బజారు వీధి, టోకున తీసుకునేవారికి ప్రత్యేక ధర" అని చెప్పి, అందరికీ విజిటింగ్ కార్డులు పంచాను. పంచాను అక్కా! పేరే దాచుకోమనే చోట ఫోను నంబరు, అంగడి అడ్రసు, దేవుడి బొమ్మతో సహా. ఎవరూ నవ్వలేదు. తెల్లగడ్డం పెద్దాయనొకరు లేచి, పేకముక్కలు ఏరినట్టు అన్నీ ఏరి నా జేబులో పెట్టి, "తంబీ, ఈడ పేరు ఒకటి చాలు. అదీ నీకిష్టమైతేనే. ఈడ ఎవర్ని చూసినామో, ఏమి విన్నామో గడప దాటి పోకూడదు. అంతే ఈడ సట్టం" అన్నాడు. అప్పుడు నవ్వారు అందరూ. నేనూ నవ్వాను. ఆయుధపూజ తర్వాత మనసారా నవ్వడం అదే మొదటిసారి.

గదిలో ఒకాయన్ను చూసి నా కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. అంతకు మించి రాయను. సట్టం.

లుంగీలు తీసుకోలేదు. డజనూ వెనక్కి మోసుకొచ్చాను.

దినకర్


బాగాయం
20 జనవరి 2025

నాయనా దినకరా,

కార్డుల సంగతి ఒక్కటి మటుకు బావకు చదివి వినిపించాను. నవ్వి నవ్వి మజ్జిగ పంచె మీద ఒలకబోసుకున్నారు. "శాలువా దాచి పెట్టమను, యాడన్నా పనికొస్తాది" అన్నారు. ఆయన అలా నవ్వడం చూసి నాకు కడుపు నిండింది.

సట్టం సట్టమే. అక్కడి మాటలు నాకు రాయకు, నేను అడగను. నువ్వు ఎలా ఉన్నావో మాత్రం రాయి. నిద్ర పడుతోందా? అన్నం సహిస్తోందా? మునగాకు పొడి బస్సులో పంపిస్తున్నాను, వేడన్నంలో కలుపుకో.

ఆ కన్నప్ప బస్సులో తగిలాడా? దూరంగా ఉండు. నీకు ఇప్పుడు కావాల్సింది మంచి సావాసం.

పుష్పక్క


గుడియాత్తం
16 ఫిబ్రవరి 2025

అక్కకు,

నిద్ర పడుతోంది. అన్నం రెండు పూటలా. మునగాకు పొడి శశికళకు నచ్చింది, నాకు మిగల్చలేదు.

ఆరు గురువారాలు అయ్యాయి. మొన్న నేను కూడా మాట్లాడాను. పెద్ద విషయమేమీ కాదు. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని తన్నడు, ముడివేసి మళ్ళీ నేస్తాడు, మా అంగట్లో ఏ లుంగీ తీసినా ఒక ముడి ఉంటుంది అని చెప్పాను. పెద్దాయన తల ఊపాడు. నా మాటకు ఎవరైనా తల ఊపి ఎన్నేళ్ళయిందో.

ఇంట్లో కబురు: కార్తీక పొద్దున బడికి పోయే ముందు నా క్యారియరు పనివాళ్ళ చేత పంపేది. ఈ వారం తానే తెచ్చి అంగడి మెట్టు మీద పెట్టి పోతోంది. లోపలికి రాదు. మెట్టు దాకా వచ్చింది, చాలు.

కన్నప్ప సంగతి వదిలెయ్యి. బేరం బేరమే, ఆయన మంచీ చెడ్డా మనకెందుకు?

గురువారాలు ఇంటికొచ్చేసరికి తొమ్మిదవుతోంది. మీటింగు అయ్యాక కాస్త కబుర్లు.

దినకర్


బాగాయం
7 మార్చి 2025

దినకరా,

నిన్న సాయంత్రం ఏడున్నరకు నేను షేర్ ఆటోలో వస్తున్నాను. బస్సు స్టాపు వెనక బ్రాందీ షాపు ఉన్న సందు నీకు బాగా తెలిసినట్టుంది. ఆ సందులోంచి నువ్వూ కన్నప్పా బయటికి వచ్చారు. వాడి చెయ్యి నీ భుజం మీద. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. ఆటో ఆపమని అరిచాను, ఆపలేదు.

పోయిన ఉత్తరంలోనే అనుమానపడాల్సింది. పదకొండేళ్ళుగా "వాడు" అయిన కన్నప్ప ఉన్నట్టుండి "ఆయన" అయ్యాడు. గురువారం కబుర్లంటే ఇవేనా? నేను చూసి పెట్టిన చోటు పేరు చెప్పుకుని, ఆ తాగుబోతుతో చేరావా? నా మొహం చూసి శశికళ గడువు ఇచ్చింది. ఆమెను మోసం చెయ్యలేను. రాత్రే ఫోను చేసి చూసింది చూసినట్టు చెప్పాను.

నువ్వు ఏడుస్తున్నావో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఏడుస్తున్నాను.

పుష్పవల్లి


గుడియాత్తం
11 మార్చి 2025

అక్కకు,

నేను తాగలేదు. ఎనభై ఆరు రోజులు.

ఆ సందులో బ్రాందీ షాపుకు ఎదురుగా ఒక ముసలామె తోపుడుబండి మీద సుండల్ అమ్ముతుంది. శనగల్లో పచ్చిమిరపకాయ ఎంత వేస్తుందంటే తిన్నవాడికి ఏడుపు, చూసినవాడికి నవ్వు. కళ్ళు అందుకు ఎర్రబడ్డాయి. నమ్మితే నమ్ము.

కన్నప్పతో నాకేం పని అని అడిగావు. చెప్పను. శశికళా అడిగింది. "నా తల మీద చెయ్యి పెట్టి చెప్పు, తాగినావా?" అంది. పెట్టి చెప్పాను, లేదని. "అయితే ఆ మనిషితో నీకేమి పని?" అంది. నోరు మూసుకున్నాను. "మీటింగనేదే అబద్ధమేమో" అని లోపలికి పోయింది. పెట్టె సర్దుతోంది. కార్తీక క్యారియరు మళ్ళీ పనివాళ్ళ చేతే వస్తోంది.

ఒక్క మాట చెబితే గుత్తి నా చేతికొస్తుంది, నాకు తెలుసు. ఆ మాట నాది కాదక్కా. తాగినన్నాళ్ళూ నా అవసరానికి ఎవరి పరువైనా అమ్మేశాను, నీదీ అమ్మాను, శశికళదీ అమ్మాను. ఇప్పుడు ఒళ్ళు తెలిసీ అదే పని చేస్తే మానినట్టా?

దినకర్


బాగాయం
14 మార్చి 2025

నా తండ్రీ,

నీ ఉత్తరం రెండోసారి చదివేటప్పుడు నా బుర్ర వెలిగింది. గడప దగ్గర నీ కాళ్ళెందుకు ఆగిపోయాయో, రెండేళ్ళ ఇస్త్రీ చొక్కా ఎందుకో ఇప్పుడు తెలిసింది. పేరు రాయను. నువ్వూ అవుననీ కాదనీ రాయకు. లోకంలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలిసుండాల్సిన సంగతి ఇది. కోపం కళ్ళు మూసేసింది. నన్ను క్షమించు.

వెంటనే శశికళకు ఫోను చేశాను. "నేను చూసింది తప్పు" అన్నాను. "ఎట్లా తప్పు వొదినా? ఆ మనిషి కాదా?" అంది. ఆ మనిషే అన్నాను. "ఆ సందు కాదా?" ఆ సందే అన్నాను. "మరేమి తప్పు?" అంది. ఏం చెప్పను? చెబితే నువ్వు ఇన్నాళ్ళు దాచింది నేను బజారున పెట్టినదాన్నవుతాను. బెబ్బెబ్బే అన్నాను. "తమ్ముని మీద ప్రేమ, నాకు అర్థమవుతాది" అని పెట్టేసింది. ఇప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరం ఒకే నోరు కుట్టుకుని కూర్చున్నాం.

ఇంకొకరి మాట కడుపులో పెట్టుకుని బతకడం నాకు కొత్త కాదు దినకరా. హోసూరులో కాపురమున్న ఆరేళ్ళూ నేను పుట్టింటికి ఒక్క పండగకూ ఎందుకు రాలేదో నువ్వు ఎప్పుడూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు.

ఉగాదికి పదహారు రోజులుంది. గురువారాలు మానకు.

అక్క


గుడియాత్తం
31 మార్చి 2025

అక్కకు,

నిన్న పొద్దున్న సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు.

అంతకుముందు గురువారం మీటింగులో, ఎవరి పేరూ ఎత్తకుండా, "ఒకరి మాట దాచినందుకు నా ఇల్లు ఖాళీ అవుతా ఉండాది" అని ఒక్క ముక్క అన్నాను. మనసులో బరువు దించుకోవడానికే అన్నాను. వెనక కుర్చీలోని ఒకాయన ఆ రోజు సుండల్ తినడానికి రాలేదు.

ఉగాది పొద్దున ఏడింటికి ఆటో వచ్చింది. శశికళ పెట్టె, కార్తీక బడిసంచి అంగడి ముందు. షట్టరు మూసే ఉంది. అప్పుడు ఎదురంగడి నుంచి కన్నప్ప కొత్త పంచెతో వీధి దాటి వచ్చాడు. పదకొండేళ్ళలో మొదటిసారి. పేరు ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఆయన చెప్పింది బజారంతా విన్నది, ఇక దాచేదేమీ లేదు.

"శశికళమ్మా, ఒక నిమిషం నిలబడు. నేను రెండేండ్లుగా గురువారం గురువారం పోయేది తాగుడు మానుకునేటోళ్ళ మీటింగికి. యాపారానికి గాదు. నీ మొగుడు నన్ను ఆడ చూసినాడు. నా పేరు ఒక తూరి చెప్పుంటే నీ నడుమున ఉండే గుత్తి ఆ పొద్దే ఆయప్ప చేతికి వచ్చుండును. చెప్పలే. పదకొండేండ్లు నా మొహం చూస్తే ఉమ్మేసినోడు, నా మానం కాపాడినాడు. ఈ పొద్దు నేనే చెప్తా ఉండా. ఎవురన్నా నవ్వేటోళ్ళుంటే నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. టీ అంగడి ఏలుమలై మటుకు, "అదా సంగతి! నీకు వేలూర్లో ఇంకో సంసారం ఉండాదని నేను బజారంతా చెప్తినే!" అన్నాడు. అప్పుడు నవ్వారు, కన్నప్ప భార్యతో సహా.

శశికళ నడుము నుంచి గుత్తి విప్పింది. నాకివ్వలేదు. కార్తీక చేతిలో పెట్టి, "నీకు ఇయ్యాలని ఉంటే ఇయ్యి" అంది. ఆ పిల్ల గుత్తి వైపు చూసింది, నా వైపు చూసింది. నూట అయిదు రోజులు ఆగినవాణ్ణి ఆ ఒక్క నిమిషం ఆగలేకపోయానక్కా, కళ్ళు మూసుకున్నాను. "నాయనా, షట్టరు నువ్వు ఎత్తు. హారతి నేనిస్తా" అంది. నా అరచేతిలో గుత్తి పడింది. తాళం తీసి షట్టరు ఎత్తాను. కార్తీక హారతి ఇచ్చింది.

శశికళ పెట్టె లోపలికి మోసినప్పుడు చూస్తే తేలిగ్గా ఉంది. తీస్తే రెండు పాత చీరలు, ఒక దుప్పటి. "ఇంతేనా?" అన్నాను. "ఎక్కువ సర్దితే మళ్ళీ మడత పెట్టేదెవరు?" అంది.

బోణీ కన్నప్పదే. గళ్ళ లుంగీ ఒకటి తీసుకుని, అంచు లాగి చూసి, "నా సరుకంత గట్టి లేదు" అన్నాడు. బోర్డుల రంగు మటుకు ఇద్దరం మార్చేది లేదు.

ఇంకొకటి. నిన్న సాయంత్రానికల్లా ఇద్దరు మనుషులు, వేరు వేరుగా, వెనక తలుపున కన్నప్పను కలిసి, "మేమూ రావొచ్చునా?" అని అడిగారట. వేలూరు దాకా వాళ్ళు రాలేరు. అందుకని మా గోడౌన్ మేడ మీద, ఈ ఊళ్ళోనే గురువారాలు కూర్చుందామనుకున్నాం. ఏప్రిల్ పది మొదలు. తెల్లగడ్డం పెద్దాయన, "మొదట్లో తోడుండడానికి తాగుడు మాని పద్నాలుగేండ్లయిన మనిషినొకర్ని పంపిస్తా" అన్నాడు.

నీ తమ్ముడు


బాగాయం
5 ఏప్రిల్ 2025

దినకరా,

నీ ఉత్తరం పట్టుకుని మధ్యాహ్నమంతా ఇల్లు సర్దకుండా తిరిగాను. శశికళ ఫోను చేసి, "మీరు బెబ్బెబ్బే అన్నది దీనికా వొదినా?" అని ఒకటే నవ్వు. కార్తీకకు హారతి పళ్ళెం కొత్తది కొన్నాను, వెండిది.

గురువారం మీ ఊరికి వచ్చే మనిషికి ఎడమ మోకాలు నొప్పి. మేడ మెట్లకు పట్టుకోవడానికి ఏదైనా ఉందా? లేకపోతే తాడు కట్టించు. పొట్టి కుర్చీ వెయ్యకు. ఇవన్నీ నాకెలా తెలుసని అడగకు.

అక్క


గుడియాత్తం
11 ఏప్రిల్ 2025

అక్కా,

తాడు కట్టించాను. అంగట్లో నేను కూర్చునే కుర్చీయే మేడ మీదికి ఎక్కించాను.

నిన్న ఆరుగురు వచ్చారు. ఎవరెవరో రాయను. వేలూరు నుంచి వచ్చినాయన ఆఖరున తాడు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి వచ్చాడు. తలుపు తీసింది నేనే. ఈ మూడు నెలలూ వేలూరు గదిలో ఆయన నాకెందుకు కనబడలేదో అప్పుడు తెలిసింది, నేను మొహమాటపడతానని తానే తప్పుకున్నాడు. కాళ్ళు మళ్ళీ గడప దగ్గరే ఆగిపోయాయి. ఇన్నేళ్ళుగా ఆయన్ను ఎన్నెన్ని మాటలు ఎగతాళి చేశానో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. ఆయనే నా భుజం తట్టి, "శాలువా దాచినావా?" అన్నాడు. తెచ్చి కప్పాను. సట్టానికి విరుద్ధమే, కానీ ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఆయన మాట్లాడిన ముప్పావు గంట గది దాటి రాదు. నీకు ఒక్కటి చెప్పొచ్చుననుకుంటాను. హోసూరు ఆరేళ్ళ గురించి నేను ఎప్పుడూ అడగలేదని నువ్వు రాసిన ప్రశ్నకు నాకు జవాబు తెలిసింది. ఆరేళ్ళ పండగలన్నీ ఈ ఆడి నెల పండగకు మా ఇంట్లో చేసుకుందాం. రా అక్కా.

ఆ వచ్చినాయన ఆఖరి బస్సు తొందరలో తన స్టీలు క్యాను మరిచిపోయి వెళ్ళాడు. తీస్తే అడుగున ఇంకా కాస్త మజ్జిగ ఉంది. ఎవరిదో నేను చెప్పకూడదు. మూత మీద మాత్రం, 'పుష్పవల్లి, హోసూరు' అని తమిళంలో చెక్కించి ఉంది. శశికళ కడిగి బోర్లించింది, ఏమీ అడగలేదు.

బస్సులో పంపను. వచ్చే గురువారం ఆయన్నే వచ్చి తీసుకోమను.

దినకర్